గుంటల లెక్క వచ్చిన పిల్లలకు భిన్నాలు రాకపోవడమేంటి? వేర్వేరు హారాలున్న మిశ్రమ భిన్నాల కూడిక, తీసివేత

నల్గొండలో మా ఇంటి వరండాలో సాయంత్రం పూట పదిమంది పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. ఐదో తరగతి వాళ్లుంటారు, ఏడో తరగతి వాళ్లుంటారు. ఎక్కాలు, భాగహారాలు నడిచినన్నాళ్లు వరండా అంతా గోలగోలగా ఉంటుంది. మిశ్రమ భిన్నాలు మొదలయ్యాయంటే మాత్రం ఒక్కసారిగా అందరికీ దాహం వేస్తుంది, అందరికీ పెన్సిళ్లు చెక్కుకోవాల్సి వస్తుంది.

మొన్న ఒక ఆరో తరగతి పిల్ల ఇంటి దగ్గర ఈ లెక్క చేసుకొచ్చింది:

5 1/4 − 2 2/3 = 3 1/1

ఐదులోంచి రెండు పోతే మూడు. పైన రెండులోంచి ఒకటి పోతే ఒకటి. కింద నాలుగులోంచి మూడు పోతే ఒకటి. ఎక్కడా తడబడలేదు, కొట్టివేతలు లేవు, చేతిరాత ముత్యాల్లా ఉంది. కానీ 3 1/1 అంటే నాలుగు. ఐదుంబావులోంచి రెండుకు పైగా తీసేశాక నాలుగు ఎలా మిగులుతుందన్న అనుమానమే ఆమెకు రాలేదు. ఆమెకు అవి గీతకు పైనా కిందా కూర్చున్న అంకెలు, అంతే.

నోట్‌బుక్కు మూయించి, "మీ తాతకు నాలుగెకరాల ఐదు గుంటలున్నది. ఎకరం ఇరవై నాలుగు గుంటలు అమ్మిండు. ఎంత మిగిలింది బిడ్డా?" అని అడిగాను. వాళ్లది దేవరకొండ వైపు ఊరు, వ్యవసాయం ఇల్లు. కళ్లు పైకి పెట్టి, పెదాలు కదిపి, "రెండెకరాల ఇరవై ఒక్క గుంట" అంది.

"ఎట్లొచ్చింది?"

"ఐదు గుంటలల్ల ఇరవై నాలుగు పోవు కద సార్. ఒక ఎకరం ఇడగొట్టిన. నలభై, ఐదు... నలభై ఐదు. అండ్ల ఇరవై నాలుగు పోతే ఇరవై ఒకటి. ఇటు మూడెకరాలల్ల ఒకటి పోతే రెండు."

ఎకరానికి 40 గుంటలు. 5 గుంటలంటే ఎకరంలో ఎనిమిదో వంతు. 24 గుంటలంటే ఐదింట మూడు వంతులు. అంటే ఆ పిల్ల నోటితో చేసింది 4 1/8 − 1 3/5. హారాలు వేరు, పైగా అప్పు తెచ్చుకోవాల్సిన లెక్క. ఈ పాఠంలో ఇంతకంటే కష్టమైన రకం లేదు. ఆమె నోటికి వచ్చిన ఆ లెక్కను కాగితం మీదికి ఎలా దించాలో కింద వరసగా రాస్తున్నాను. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పే తల్లిదండ్రుల కోసం, ట్యూషన్ చెప్పే వాళ్ల కోసం.

హారం ఒక పేరు

ముందు ఈ ఒక్క మాట ఎక్కాలి. 3/8లో కింద ఉన్న 8 మనం కూడాల్సిన సంఖ్య కాదు. అది ముక్క పేరు: "ఎనిమిదో వంతు". పైన ఉన్న 3 అలాంటి ముక్కలు ఎన్నో చెబుతుంది. మూడు బత్తాయిలు, రెండు బత్తాయిలు కలిపితే ఐదు బత్తాయిలు. బత్తాయి అన్న పేరు మారదు. అలాగే 3/8, 2/8 కలిపితే 5/8. పేరును పేరుతో కూడం.

మరి 1/2, 1/3 కలిపితే? సగాలు, మూడోవంతులు. పేర్లు వేరు. రెండు ఎకరాలు, మూడు గుంటలు కలిపి "ఐదు" అంటే ఐదు ఏమిటి? ఊళ్లో ఎవరూ అలా అనరు. రెంటినీ గుంటల్లోకి మార్చి, అప్పుడు కలుపుతారు. భిన్నాల్లో హారాలు సమం చేయడమంటే ఇదే పని. పిల్లలు 1/2 + 1/3 = 2/5 అని రాసినప్పుడు తప్పు అని కొట్టేయకండి. "అరెకరానికి ఇంకొంత కలిపితే అరెకరం కంటే తగ్గుతదా?" అని అడగండి. 2/5 ఎకరం అంటే 16 గుంటలు, అర అంటే 20. ఉన్నదానికి కలిపితే తగ్గిందని తెలిశాక వాళ్లే నవ్వుకుంటారు.

ఇంకో చిన్న సంగతి. 5 1/4 అని రాసినప్పుడు 5కూ 1/4కూ మధ్య కూడిక గుర్తు దాగి ఉంది. మన మాటలో అది బయటికే వినిపిస్తుంది. ఐదుంబావు అంటే ఐదూ, పావూ. రెండున్నర అంటే రెండూ, అరా. అందుకే మిశ్రమ భిన్నాన్ని మొదటి రోజు "ఐదు, ఒకటి బై నాలుగు" అని చదివించను. ఐదుంబావు అనే చదివిస్తాను. బై అన్న మాట వచ్చిందంటే పరిమాణం పోయి అంకెలు మిగులుతాయి.

మొదలుపెట్టే ముందు

ఈ పాఠానికి రెండు పనులు చేతిలో ఉండాలి. ఒకటి, 12వ ఎక్కం దాకా తడుముకోకుండా రావాలి. రాకపోతే భిన్నాలు ఒక వారం ఆపి ఎక్కాలు చదివించండి, నష్టమేమీ లేదు. రెండు, సమాన భిన్నాలు. దీనికి జొన్నరొట్టె కంటే మంచి బొమ్మ నాకు దొరకలేదు. రొట్టెను సగానికి తుంచి ఒక సగం పిల్లవాడి చేతిలో పెట్టండి. అది 1/2. ఆ సగాన్నే మూడు ముక్కలు చేయమనండి. రొట్టె మొత్తం అలాగే తుంచితే ఆరు ముక్కలయ్యేవి, వాడి చేతిలో మూడున్నాయి. 3/6. రొట్టె పెరగలేదు, తగ్గలేదు. ముక్కల లెక్కా మూడింతలైంది, ముక్కల పేరూ మారింది. 1/2 = 3/6.

పైన ఎంతతో గుణిస్తే కిందా అంతతోనే గుణించాలన్న సూత్రం ఈ రొట్టె తర్వాతే చెప్పండి. సూత్రం ముందు చెబితే కింద మాత్రమే మార్చి పైన మర్చిపోతారు. 2/3ను 2/12 అని రాయడం నేను చూసే తప్పుల్లో చాలా మామూలుది.

ఉమ్మడి హారం పట్టుకోవడం

వేర్వేరు హారాలున్న రెండు భిన్నాలకు ఒకే పేరు పెట్టాలంటే రెండు హారాలూ నిశ్శేషంగా భాగించే సంఖ్య కావాలి. అలాంటి వాటిలో అన్నిటికంటే చిన్నది క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం). బడిలో నిచ్చెన పద్ధతిలోనో, ప్రధాన కారణాంకాలతోనో తీయిస్తారు. చిన్న సంఖ్యలకు అంత తతంగం అక్కర్లేదు. పెద్ద హారం ఎక్కం చదువుతూ పోవడం, ఒక్కో మెట్టు దగ్గర చిన్న హారం దాన్ని భాగిస్తుందా అని చూడడం. 4, 6 ఉన్నాయనుకోండి. ఆరు ఒకట్ల ఆరు, నాలుగు పోదు. ఆరు రెండ్ల పన్నెండు, నాలుగు పోతుంది. అక్కడే ఆగండి, 12.

8, 12 అయితే పన్నెండులో ఎనిమిది పోదు, ఇరవై నాలుగులో పోతుంది. 4, 8 అయితే మొదటి మెట్టులోనే ఎనిమిది దొరికింది. 3, 5 అయితే 5, 10, 15 దాకా పోవాలి. ఆ రెంటికీ ఉమ్మడిగా భాగించేదేదీ లేదు కాబట్టి చివరికి 3 × 5 దగ్గరే తేలుతుంది.

క.సా.గు. దగ్గర పిల్లవాడు టెన్షన్ పడి ఆగిపోతే, రెండు హారాలనూ గుణించేయమనండి. 8, 12కు 96 వేసుకున్నా జవాబు తప్పు కాదు, చివర్లో కొట్టివేతలు పెరుగుతాయి, అంతే. "క.సా.గు. రాకపోతే లెక్కే రాదు" అన్న భయం పోవడం ముఖ్యం. రెండు మూడుసార్లు 96తో కుస్తీ పట్టాక వాళ్లే 24 వెతుక్కుంటారు.

ఈ క.సా.గు. ఉపాయం వెయ్యేళ్లకు పైబడిన పాతది. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలపు జైన గణితవేత్త మహావీరాచార్యుడు హారాలు సమం చేయడానికి ఇదే వాడాడు, దానికి "నిరుద్ధం" అని పేరు పెట్టాడు. ఆ రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం ఇప్పటి మల్ఖేడ్. తాండూరు నుంచి వాడి జంక్షన్‌కు పోయే రైల్లో కూర్చుంటే దారిలోనే వస్తుంది. పిల్లలకు ఈ సంగతి చెబితే లెక్క సులువేం కాదు గానీ, క.సా.గు. అనే పొడి అక్షరాల వెనుక మనిషి ఒకడున్నాడని తెలుస్తుంది.

అసలు మన కొలతలే ఉమ్మడి హారాలు. గంటకు 60 నిమిషాలు. అరవైని 2, 3, 4, 5, 6, 10, 12, 15, 20, 30 అన్నీ భాగిస్తాయి. కాబట్టి గంటలో సగమైనా, మూడోవంతైనా, ఐదోవంతైనా పూర్తి నిమిషాల్లోనే వస్తుంది. ఎకరానికి 40 గుంటలు. దాన్ని 2, 4, 5, 8, 10, 20 భాగిస్తాయి, 3 భాగించదు. ఎకరాన్ని ముగ్గురన్నదమ్ములు పంచుకుంటే ఒక్కొక్కరికి 13 గుంటల మీద ఇంకో గుంటలో మూడోవంతు వస్తుంది. గుంటకు 121 చదరపు గజాలు కదా, ఆ మూడోవంతు 40 1/3 గజాలు. గుంటల్లో పోని భిన్నం గజాల్లోనూ పోలేదు. 1/3 ఉన్న లెక్కకు 40 పనికిరాదని, 3 భాగించే హారమే కావాలని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఎందుకు?

కూడిక

ముందు అంచనా. 2 1/4 + 1 3/8 అంటే రెండుంబావుకు ఒకటిన్నర లోపు ఏదో కలుస్తోంది. జవాబు మూడున్నర, నాలుగు మధ్యలో ఎక్కడో ఉండాలి. ఈ మాట నోట్‌బుక్కు మూలన రాయించండి.

ఇక లెక్క. 4, 8లకు ఉమ్మడి హారం 8. పావు అంటే 2/8. రెండోది ఇప్పటికే 3/8. పూర్ణాంకాలు పూర్ణాంకాలతో: 2 + 1 = 3. ముక్కలు ముక్కలతో: 2/8 + 3/8 = 5/8. జవాబు 3 5/8. గుంటల్లో సరిచూడండి: 2 ఎకరాల 10 గుంటలు, 1 ఎకరం 15 గుంటలు కలిపితే 3 ఎకరాల 25 గుంటలు. నలభైలో ఇరవై ఐదు, ఐదుతో కొట్టేస్తే 5/8. సరిపోయింది.

ముక్కలు కలిపినప్పుడు ఒకటి దాటితే ఇంకో మెట్టు ఉంటుంది. బత్తాయి తోటకు పొద్దున 1 3/4 గంటలు, మాపటికి 2 5/6 గంటలు మోటారు నడిచింది. మొత్తం ఎన్ని గంటలు?

1 3/4 = 1 9/12
2 5/6 = 2 10/12
పూర్ణాంకాలు: 1 + 2 = 3
ముక్కలు: 9/12 + 10/12 = 19/12

ఇక్కడ చాలామంది పిల్లలు 3 19/12 అని రాసి పెన్ను మూసేస్తారు. ఇది తప్పు కాదు, సగంలో ఆపిన లెక్క. పన్నెండు ముక్కలైతే ఒక పూర్తి గంట అయిపోయినట్టే. 19లోంచి 12 తీసి ఒక గంట కట్టండి, 7 మిగిలాయి. 19/12 = 1 7/12. మొత్తం 4 7/12. నిమిషాల్లో చూస్తే గంటా 45 నిమిషాలు, రెండు గంటల 50 నిమిషాలు. కలిపితే 4 గంటల 35 నిమిషాలు. అరవైలో ముప్పై ఐదు అంటే 7/12.

ఇదే లెక్కకు మన పెద్దవాళ్ల దారి ఒకటుంది. 1 3/4ను వాళ్లు "పావు తక్కువ రెండు" అంటారు. 2 5/6 అంటే ఆరోవంతు తక్కువ మూడు. రెండూ మూడూ ఐదు. తక్కువైనవి 1/4 + 1/6 = 5/12. ఐదులోంచి 5/12 తీస్తే 4 7/12. ముక్కలు దాదాపు పూర్తిగా ఉన్నప్పుడు ఇది చాలా తేలిక. చురుకైన పిల్లలకు చెప్పండి. అప్పుడప్పుడే నేర్చుకుంటున్న వాళ్లకు చెప్పి తికమక పెట్టొద్దు.

బట్టల లెక్క ఒకటి చేయించండి. పోచంపల్లి చీర 5 1/2 మీటర్లు, దాని వెంట జాకెట్టు ముక్క 4/5 మీటరు అనుకుందాం. మగ్గం మీద మొత్తం ఎంత నేయాలి? 5 5/10 + 8/10 = 5 13/10 = 6 3/10. సెంటీమీటర్లలో 550, 80 కలిపి 630. రెండో దాంట్లో పూర్ణాంకం లేదని కొందరు పిల్లలు బిక్కముఖం వేస్తారు. లేకపోతే సున్నా ఉన్నట్టే.

తీసివేత, అప్పు అక్కర్లేనప్పుడు

3 1/2 − 1 1/5. హారం 10. 3 5/10 − 1 2/10 = 2 3/10. మూడెకరాల 20 గుంటల్లోంచి ఎకరం 8 గుంటలు పోతే రెండెకరాల 12 గుంటలు, పన్నెండు బై నలభై అంటే 3/10. ఇందులో కొత్తగా చెప్పేదేమీ లేదు. నాలుగైదు చేయించి ముందుకు పోండి.

అప్పు తెచ్చుకునే చోటు

ఇక్కడే ఆగాలి. మా వరండాలో ఈ ఒక్క మెట్టుకు నేను మూడు నాలుగు రోజులు పెడతాను.

ఆ పిల్ల చేసిన భూమి లెక్కనే కాగితం మీద రాయించాను. ఎడమ పక్క గుంటలు, కుడి పక్క భిన్నాలు, ఒక్కో వరస ఎదురెదురుగా.

4 ఎకరాల 5 గుంటలు అంటే 4 5/40
1 ఎకరం 24 గుంటలు అంటే 1 24/40

5 గుంటల్లోంచి 24 పోవు అంటే, 5/40లోంచి 24/40 పోదు. ఒక ఎకరం విడగొట్టింది అంటే, 4లోంచి ఒకటి తీసి 40/40గా మార్చింది. 3 ఎకరాల 45 గుంటలు అంటే 3 45/40. ఇప్పుడు తీస్తే 2 21/40. రెండు పక్కలా వరసకు వరస సరిపోయేసరికి, "రెండూ ఒకటే కద సార్" అంది. ఆ మాట పిల్ల నోటి నుంచి రావాలి. మనం చెబితే పని చేయదు.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు పది. రెండో తరగతి నుంచి తీసివేతల్లో పక్క స్థానం నుంచి ఒకటి అప్పు తెస్తే అది పది అవుతుందని నేర్పాం. పిల్లలు అదే ఇక్కడా చేస్తారు. 5 3/12 − 2 8/12లో మూడును పదమూడు చేసి, ఎనిమిది తీసి, 2 5/12 అని రాస్తారు. వాళ్ల తప్పేం కాదు, మనం నేర్పిన అలవాటే. అప్పుగా తెచ్చిన ఒకటి ఏ ఇంటికి వస్తే ఆ ఇంటి పేరు పెట్టుకుంటుందని చెప్పండి. పన్నెండో వంతుల ఇంటికి వస్తే 12, నలభయ్యో వంతుల ఇంటికి వస్తే 40, నిమిషాల ఇంటికి వస్తే 60. పది అయ్యేది మామూలు తీసివేతల్లో పక్క స్థానం నుంచి వచ్చినప్పుడు.

ఇప్పుడు మొదటి లెక్కకు తిరిగి వద్దాం: 5 1/4 − 2 2/3. గళ్ల నోట్‌బుక్కు తీసుకుని, పన్నెండు గళ్ల పొడవున్న కాగితం పట్టీలు ఐదు కత్తిరించండి. ఒక్కో పట్టీ ఒక పూర్ణం. పావు కోసం మూడు గళ్ల ముక్క ఒకటి. బల్ల మీద ఇప్పుడు 5 3/12 ఉంది. ఇందులోంచి 2 8/12 తీసి నాకివ్వమనండి.

రెండు పట్టీలు తేలిగ్గా ఇచ్చేస్తారు. ఎనిమిది గళ్లు ఇవ్వాలంటే దగ్గర మూడే ఉన్నాయి. కాసేపు చూస్తారు. ఎవరో ఒకరు కత్తెర అడుగుతారు. అడిగేదాకా ఆగండి, మీరు అందించొద్దు. ఒక పట్టీని గళ్ల వెంట కత్తిరిస్తే పన్నెండు గళ్లు విడిపడతాయి. ముందున్న మూడుతో కలిపి పదిహేను. ఎనిమిది ఇస్తే ఏడు మిగిలాయి. బల్ల మీద రెండు పూర్తి పట్టీలు, ఏడు గళ్లు. 2 7/12. అదే కాగితం మీద:

5 3/12 = 4 15/12
4 15/12 − 2 8/12 = 2 7/12

అప్పు తెచ్చాక 5ను కొట్టేసి 4 చేయడం మర్చిపోయే పిల్లలు ఉంటారు. పట్టీలతో ఒకసారి చేసిన పిల్లలు మర్చిపోవడం తక్కువ. కత్తిరించిన పట్టీ కళ్ల ముందే ఉంటుంది కదా.

తీసేయకుండా పైకి ఎక్కుతూ పోయినా ఇదే జవాబు వస్తుంది. కిరాణా కొట్లో చిల్లర లెక్కపెట్టినట్టు. మన లెక్కతోనే చూడండి: 2 2/3 నుంచి 3 చేరాలంటే 1/3 కావాలి. 3 నుంచి 5కు రెండు. 5 నుంచి 5 1/4కు పావు. మొత్తం 2 + 1/3 + 1/4 = 2 + 4/12 + 3/12 = 2 7/12. అప్పు గొడవే లేదు. పరీక్షలో ఏ పద్ధతి రాయమన్నా, జవాబు సరిచూసుకోవడానికి నేను ఇదే వాడమంటాను.

పూర్ణాంకంలోంచి మిశ్రమ భిన్నం తీయమన్నప్పుడూ పిల్లలు జారిపడతారు. 6 − 2 3/7 ఇస్తే 4 3/7 అని రాస్తారు. ఆరు పక్కన ముక్కలేమీ లేవు కాబట్టి కింద ఉన్న 3/7ను అలాగే దించేస్తారు. ఇక్కడా ఒక పట్టీ కోయాల్సిందే. 6 = 5 7/7. 5 7/7 − 2 3/7 = 3 4/7.

అపక్రమ భిన్నాలుగా మార్చి చేసే పద్ధతి

కొన్ని బళ్లలో మిశ్రమ భిన్నం కనబడగానే అపక్రమ భిన్నంగా మార్చమంటారు. 5 1/4 = 21/4, 2 2/3 = 8/3. హారం 12కు తెస్తే 63/12 − 32/12 = 31/12 = 2 7/12. అప్పు అన్న మాటే రాదు కాబట్టి భయపడే పిల్లలకు ఇది ఊరట. గుణకారం, భాగహారం చేసేటప్పుడు ఎలాగూ ఈ మార్పు కావాలి.

కానీ మొదట నేర్పాల్సింది ఇది కాదని నా అభిప్రాయం. 23 5/8 − 17 5/6 ఇచ్చి చూడండి. 189/8, 107/6 అవుతాయి, తర్వాత 567/24 − 428/24, తర్వాత 139/24, మళ్లీ దాన్ని భాగించి 5 19/24. ఇంత దూరంలో ఎక్కడైనా ఒక అంకె జారొచ్చు. విడిగా చేస్తే 23 15/24 − 17 20/24, ఒకటి విడగొడితే 22 39/24 − 17 20/24, జవాబు 5 19/24. అన్నీ చిన్న అంకెలే. అదీగాక 139/24 చూసి ఇది ఎంతో పిల్లలు చెప్పలేరు. 23లోంచి 17 పోతే ఆరు దగ్గర్లో ఉండాలని ఎవరైనా చెబుతారు.

బడిలో ఏది చెబితే పరీక్షలో అది రాయించండి. టీచరు చెప్పింది తప్పని ఇంట్లో అనొద్దు, తప్పు కాదు కూడా. రెండో పద్ధతితో సరిచూసుకోవడం అలవాటు చేయండి.

చుక్కతో రాసే ఎకరాలు

భూమి లెక్కతో నేర్పేటప్పుడు ఒక చోట జాగ్రత్త. మన దగ్గర 2 ఎకరాల 10 గుంటలను 2.10 అని రాస్తారు. ఆరో తరగతిలో దశాంశాలు నేర్చుకుంటున్న పిల్లలకు అది రెండున్నూ పదోవంతులా కనిపిస్తుంది. చుక్క ఒకటే గానీ అర్థం వేరు. ఇక్కడ చుక్క తర్వాత ఉన్నది నలభయ్యో వంతులు. కాబట్టి 2.10 అంటే రెండుంబావు ఎకరాలు, 2.20 అంటే రెండున్నర. 2.10, 1.35 కలిపి 3.45 అంటే దశాంశాల్లో సరే, పొలంలో మాత్రం 45 గుంటలు ఉండవు. అవి 1 ఎకరం 5 గుంటలు. మొత్తం 4.05. ఈ తేడా పట్టుకున్న పిల్లలకు భిన్నాల్లో 19/12ను 1 7/12గా ఎందుకు మారుస్తామో ఇంక వేరే చెప్పక్కర్లేదు.

సాధన

రోజుకు మూడు లెక్కలు చాలు. ఇరవై ఇస్తే పదో లెక్క నుంచి చెయ్యి తిరుగుతుంది, బుర్ర ఆగిపోతుంది. ప్రతిదానికీ ముందు అంచనా, తర్వాత లెక్క, తర్వాత వేరే దారిలో సరిచూడడం.

3 1/3 + 2 1/6
4 2/5 + 1 3/4
7 5/6 − 3 1/4
6 1/6 − 2 3/8
9 − 4 5/9
10 1/4 − 3 1/2 − 2 2/3

జవాబులు వరసగా: 5 1/2 (3/6 దగ్గర ఆపకుండా కొట్టేయాలి), 6 3/20, 4 7/12, 3 19/24, 4 4/9, 4 1/12. నాలుగోది చూడండి. 4/24లోంచి 9/24 పోదు, ఒకటి విడగొడితే 28/24. పది అలవాటు పోని పిల్లలు ఇక్కడ 14 రాస్తారు, 3 5/24 వస్తుంది. ఒక్క లెక్కతోనే వాళ్లు ఎక్కడున్నారో తెలిసిపోతుంది. చివరిదాంట్లో రెండుసార్లు తీయడం కంటే 3 1/2, 2 2/3 ముందు కలిపి (6 1/6), ఆ మొత్తాన్ని ఒకేసారి తీసినా సరే.

మాటల్లో ఒకటి. తాతకు ఎనిమిదిన్నర ఎకరాలు ఉంది. కొడుకు పేరు మీద 2 3/4 ఎకరాలు, బిడ్డ పేరు మీద 2 3/8 ఎకరాలు రాశాడు. తన పేరు మీద ఎంత ఉంచుకున్నాడు?

ఈ లెక్క ఆ దేవరకొండ పిల్లకే ఇచ్చాను. ఇచ్చినవి రెండూ ముందు కలిపింది: 2 6/8 + 2 3/8 = 4 9/8 = 5 1/8. తర్వాత 8 4/8 − 5 1/8 = 3 3/8. కింద గీత గీసి, నేను అడగకుండానే పక్కన రాసింది: "3 ఎకరాల 15 గుంటలు".